చప్పుడు ఏ దిక్కునుండి వచ్చినది?

శిశువు కన్ను తెరచిన పిమ్మటనే లోకమును తెలిసికొనసాగునని పెక్కుమంది తలంపు. చెవి విషయమున ఇది సరికాదు. గర్భమున ఆరవ నెల దాటునప్పటికే శిశువునకు చప్పుళ్లు వినబడుచుండును. పుట్టిన రెండు మూడు దినములలోనే బిడ్డ ఇతర స్త్రీల గొంతుకంటె తల్లి గొంతునే కోరునని 1980లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో తేలినది.

వినుట వేరు, విన్నది ఎటునుండి వచ్చినదో ఎరుగుట వేరు. కుడిప్రక్క గంట మ్రోగినచో ఆ ధ్వని కుడిచెవికి ముందుగను, ఎడమచెవికి తరువాతను చేరును. ఆ వ్యవధి సెకనులో వేయవ వంతుకన్న తక్కువ. దిక్కును నిర్ణయించుటకు మెదడునకు ముఖ్యాధారములలో ఇది యొకటి. నాలుగు మొదలు ఆరు నెలల మధ్య బిడ్డ చప్పుడు వచ్చిన వైపునకు తల త్రిప్పుట నేర్చును. నిన్న, రేపు అను మాటల భేదము మాత్రము నాలుగైదేండ్లకు గాని కుదురదు. "రేపు అమ్మమ్మగారింటికి వెళ్లాము" అను పిల్లవానిని అబద్ధమాడెనని కోపించు పెద్దలును లేకపోలేదు!

చెవిటి శిశువును ఇంటివారు గుర్తించుట కష్టము. ఆ బిడ్డయు నవ్వును, ఏడ్చును, తొలి నెలలలో ఉంగా అనును. అమ్మమ్మ ఎదుట నిలిచి పళ్లెము మ్రోగించినచో, చప్పుడు వినకున్నను చేతి కదలికను చూచి తల త్రిప్పును. తలుపు దభాలున మూసినప్పుడు నేల అదురునకే ఉలికిపడవచ్చును. "వీని మేనమామకును మాటలు ఆలస్యముగనే వచ్చినవి" అను ఓదార్పుతో రెండు మూడేండ్లు గడచిపోవును. మెదడు భాషను సులభముగ గ్రహించు కాలము సరిగా అదియే.

నేడు ఇట్లు వేచియుండ నక్కరలేదు. నిద్రించుచున్న శిశువు చెవిలో మెత్తని చిన్న గొట్టమునుంచి మెల్లని ధ్వనిని పంపుదురు. ఆరోగ్యమైన లోపలి చెవి దానికి బదులుగా అతిసూక్ష్మమైన ధ్వనిని వెలువరించును. యంత్రము దానిని పట్టుకొనును. నొప్పి ఏమియు లేదు, పట్టునది కొన్ని నిమిషములే. మొదటి నెలలో ఈ పరీక్ష, మూడవ నెలలోగా నిర్ధారణ, ఆరవ నెలలోగా శ్రవణయంత్రము మున్నగు సహాయము జరుగవలెనని వైద్యుల నియమము. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పుట్టుచెవుడును చేర్చబడినది.

తొలి పరీక్షలో యంత్రమునకు బదులు రానంత మాత్రమున చెవుడని భయపడరాదు. ప్రసవమునాటి ద్రవము చెవిలో నిలిచినను అట్లే జరుగును, మరల పరీక్షింపవలెను. అట్లే తొలిసారి బాగున్నదని తేలిన బిడ్డకును తరువాత మెదడుపొరల వాపు జ్వరము వచ్చినచో, జ్వరము తగ్గగనే చెవులను తిరిగి చూపింపవలెను.