పొట్టి గొట్టం సినిమాకే అందం!

వెలిగండ్ల (మా విలేఖరి): నెత్తిన పెద్ద టోపీ, నడుముకు తోలు బెల్టు, దానికి వేలాడే రివాల్వరు. 1971లో విడుదలైన ‘మోసగాళ్ళకు మోసగాడు’ చిత్రంతో తెలుగు ప్రేక్షకులకు బాగా దగ్గరైన రూపం ఇది. కృష్ణ కథానాయకుడుగా, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో వచ్చిన ఆ కౌబాయ్ చిత్రం 2023లో మళ్లీ థియేటర్లకు వచ్చింది. తెర మీద ఈలలు వేయించిన ఆ ఆయుధం ఎలా పనిచేస్తుంది? తుపాకీ గొట్టం కోసి పొట్టిగా చేస్తే ఏమవుతుంది? అడవి పందుల భయంతో రాత్రిళ్లు చేను కాపలా కాసే మన మెట్ట రైతు కూడా తెలుసుకోవలసిన సంగతులివి.

కౌబాయ్ రివాల్వరు అనగానే ముందుగా చెప్పుకొనేది అమెరికాలో కోల్ట్ కంపెనీ 1873లో తెచ్చిన రకం. దీన్ని సింగిల్ యాక్షన్ అంటారు. ట్రిగ్గరు నొక్కినంత మాత్రాన ఇది పేలదు. పేల్చిన ప్రతిసారీ వెనుకనున్న హామర్‌ను బొటనవేలితో వెనక్కి లాగాలి. అలా లాగినప్పుడే ఆరు గదుల చక్రం ఒక గది తిరిగి కొత్త తూటా గొట్టానికి ఎదురుగా వస్తుంది. తూటాలను కూడా పక్కనున్న చిన్న తలుపు తెరచి ఒక్కొక్కటిగానే నింపాలి. దీని తూటా లావు సుమారు అంగుళంలో నూటికి 45 వంతులు.

పాత రకంలో ఒక ప్రమాదం ఉంది. హామర్ సరిగ్గా తూటా వెనుకనే ఆని ఉంటుంది. చేయి జారి కింద పడితే పేలవచ్చు. అందుకే తెలిసినవారు ఆరు గదులున్నా ఐదే తూటాలు పెట్టి, హామర్ కింద గదిని ఖాళీగా ఉంచుతారు. అమెరికాలోని రూగర్ కంపెనీ 1973లో ఈ లోపాన్ని సరిదిద్దిన కొత్త రకాన్ని తెచ్చింది.

విదేశాలలో కొందరు వేడుకపడి ఈ రివాల్వరు గొట్టాన్ని పొట్టిగా చేయించుకుంటారు. పిడిని పక్షి తల ఆకారంలో గుండ్రంగా మార్పిస్తారు. జేబులో, బెల్టులో ఇముడుతుందన్న మాటే గాని దానివల్ల నష్టాలు లేకపోలేదు. గొట్టం తగ్గితే మందు తూటాను నెట్టే దూరం తగ్గి, వేగం పడిపోతుంది. చప్పుడు, మంట పెరుగుతాయి. బరువు తగ్గిన కొద్దీ చేతికి తన్ను ఎక్కువవుతుంది. గురి చూసే రెండు గుర్తులు దగ్గరపడటంతో చేయి వెంట్రుకవాసి కదిలినా గుండు దూరాన తప్పిపోతుంది.

ఇక మన దేశంలో ఇది వేడుకకు సంబంధించిన విషయం కానే కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం 6వ సెక్షను ప్రకారం ప్రత్యేక లైసెన్సు లేకుండా ఏ తుపాకీ గొట్టాన్నీ కురచ చేయరాదు. 2019లో చట్టాన్ని సవరించాక ఈ నేరానికి కనీస శిక్ష ఏడేళ్ల జైలు. యావజ్జీవం దాకా పడవచ్చు. తుపాకీకి లైసెన్సు ఉంది కదా అన్న సమాధానం ఇక్కడ చెల్లదు. లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికే గాని, కోయడానికి కాదు.

పంట రక్షణకు రైతులకు లైసెన్సు ఇచ్చే వీలు కూడా ఇదే చట్టంలో ఉంది. అయితే అది మూతి నుంచి మందు కూరే తుపాకీకి. ఆత్మరక్షణకో, క్రీడకో ఇచ్చే నునుపు గొట్టపు తుపాకీ అయితే గొట్టం 20 అంగుళాలకు తగ్గరాదని చట్టం స్పష్టంగా చెబుతోంది. మోయడానికి తేలికని ఏ కొలిమి దగ్గరో ఆకురాయి పట్టించితే, దూరాన ఉన్న పందికి తగలవలసిన రవ్వలు చెదిరిపోయి పక్క చేలో కాపలా ఉన్న మనిషికే తగలవచ్చు. పైపెచ్చు, 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద అనుమతి లేకుండా అడవి పందిని కాల్చడమే నేరం.

ఒక్క రాత్రి పందులు పడి కంది చేను తొక్కితే రైతు గుండె మండటం సహజం. పోయిన పంటకు అటవీ శాఖ వారికి అర్జీ పెట్టుకోవచ్చు. వచ్చే ఏడు మళ్లీ విత్తుకోవచ్చు. కోసిన గొట్టంతో పోయిన ఏడేళ్లను మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. పోలీసు, అటవీ శాఖల వారు కాపుకు ముందే గ్రామాలకు వచ్చి ఈ నిబంధనలు రైతులకు విడమరచి చెబితే, ఎన్నో కుటుంబాలకు మేలు చేసినవారవుతారు.