నియోబియం మీద అయిదు నానోమీటర్లు

నియోబియంను 9.2 కెల్విన్‌ల కంటే, అంటే సుమారు మైనస్ 264 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు చల్లబరిస్తే అది అతివాహకంగా మారుతుంది. విద్యుత్ నిరోధం పూర్తిగా మాయమవుతుందని పాఠాల్లో చదువుకున్నాం. అయితే ఆ మాట ఒకే దిశలో పారే డీసీ కరెంటుకే నిజం. జర్మనీలోని యూరోపియన్ ఎక్స్‌ఫెల్ యాక్సిలరేటర్‌లో ఎలక్ట్రాన్లకు శక్తినిచ్చేవి నియోబియంతో చేసిన డొల్ల గదులు. వాటిని కేవిటీలంటారు. వాటిలో కరెంటు సెకనుకు 130 కోట్ల సార్లు ఊగుతుంది. అప్పుడు కొద్దిపాటి నిరోధం మిగులుతుంది, వేడి పుడుతుంది. ఆ వేడిని 2 కెల్విన్‌ల చలిలో తోడిపోయడం చాలా ఖర్చుతో కూడిన పని.

ఆ కరెంటు లోహం లోతుల్లోకి వెళ్లదు. పైనున్న సుమారు 40 నానోమీటర్ల మందంలోనే తిరుగుతుంది. కాబట్టి కేవిటీ గుణమంతా దాని ఉపరితలం చేతిలో ఉంది. గాలి తగలగానే ఆ ఉపరితలాన్ని ఆక్సిజన్ పట్టుకుంటుంది. దాదాపు అయిదు నానోమీటర్ల నియోబియం పెంటాక్సైడ్ పొర ఏర్పడుతుంది. దాని అడుగున ఆక్సిజన్ తక్కువగా ఉండే ఇతర ఆక్సైడ్లు, ఇంకా కింద లోహంలోకి చొరబడిన విడి ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి.

వీటిని పరమాణువుల స్థాయిలో చూడటానికి స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్ ఉంది. 1981లో జ్యూరిక్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో గెర్డ్ బిన్నిగ్, హైన్రిక్ రోరర్ దాన్ని రూపొందించారు. అందులో కటకాలుండవు. ఒక సన్నని సూది మొన ఉపరితలానికి తగలకుండా, నానోమీటరు కంటే తక్కువ ఎడంలో కదులుతుంది. ఆ ఖాళీని దాటి వచ్చే ఎలక్ట్రాన్లను కొలుస్తారు. ఎడం నానోమీటరులో పదోవంతు పెరిగితే చాలు, కరెంటు దాదాపు పదోవంతుకు పడిపోతుంది. ఒక్కో పరమాణువు ఎత్తుపల్లాలు తెలిసేది అందువల్లే.

ఇక్కడో చిక్కుంది. పెంటాక్సైడ్ విద్యుత్ బంధకం, దాని గుండా కరెంటు రాదు. అందుకని అత్యంత శూన్యంలో లోహాన్ని బాగా కాలుస్తారు. ఆక్సిజన్‌లో చాలా భాగం లోహంలోకి ఇంకిపోతుంది. మిగిలిన పలుచని నియోబియం మోనాక్సైడ్‌ను చికాగో విశ్వవిద్యాలయంలో స్టీవెన్ సిబెనర్ బృందం చిత్రించింది. ఆ పటాల్లో పరమాణువులు నిచ్చెనల్లా వరసలు తీరి కనిపిస్తాయి. ఈ రంగంలో నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచేవి ఆ పటాలే.

ఎందుకంటే, తర్వాతి తరం కేవిటీల కోసం నియోబియం మీద తగరాన్ని ఆవిరిగా పట్టించి నియోబియం-తగరం మిశ్రమ పూత వేస్తున్నారు. ఆ పూత దాదాపు 18 కెల్విన్‌ల దగ్గరే అతివాహకమవుతుంది. తగరం పరమాణువులు మొదట దిగేది ఈ ఆక్సైడ్ నిచ్చెనల మీదే. అక్కడ అవి ఎలా సర్దుకుంటాయో ఇప్పుడు అదే సూదితో చూస్తున్నారు. పూత లోపాల్లేకుండా కుదిరితే కేవిటీలను 2 కెల్విన్‌ల దాకా చల్లబరచక్కర్లేదు, దాదాపు 4 కెల్విన్‌లు చాలు.