తొలిచూలు పెయ్యకు ఏ ఆంబోతు?

చందానగర్ ఒకప్పుడు పల్లె. హైదరాబాదు నుంచి ముంబై పోయే రోడ్డు పక్కన ఉంది. చుట్టూ పొలాలు, చెరువులు, మేత బీళ్లు ఉండేవి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. తరువాత ఆఫీసులు, పెద్ద పెద్ద మేడలు వచ్చాయి. 2007లో శేరిలింగంపల్లి అంతా మహానగరంలో కలిసింది. మేత బీళ్లు పోయాయి. అయినా పాలు అమ్మి బతికే ఇళ్లు అక్కడక్కడా మిగిలాయి. శంకర్‌పల్లి వైపు పోతే ఇంకా ఎక్కువ కనిపిస్తాయి.

అలాంటి ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంట్లో వదినా మరదళ్లు పశువులు చూసుకుంటారు. రెండు ఆవులు, ఒక బర్రె, ఒక జెర్సీ సంకర పెయ్య ఉన్నాయి. పెయ్యను పొదుపు సంఘం అప్పుతో కొన్నారు. నెలనెలా కిస్తీ కట్టాలి. గడ్డి కూడా కొనాలి. పెయ్య ఎప్పుడు ఈనుతుందా, ఎప్పుడు పాలిస్తుందా అని ఇంటిల్లిపాదీ ఎదురు చూస్తున్నారు.

మార్చి 18న పొద్దున్నే మరదలు కొట్టంలోకి పోయింది. పెయ్య ఊరికే అరుస్తోంది. మేత ముట్టలేదు. పక్క ఆవు మీదికి ఎక్కుతోంది. తోక కింద తెల్లని తీగలాంటి జిగురు కనిపించింది.

"వదినా! పెయ్య ఎదకొచ్చింది. ఆ గల్లీలో పెద్ద ఆంబోతు ఉంది గద. తోలుకపోదామా? పెద్ద ఆంబోతు అయితే పెద్ద దూడ పుడుతది" అంది మరదలు.

"పెద్ద దూడ పుడితే మంచిదే. అది బయటికి ఎట్ల రావాలె?" అంది వదిన.

మరదలు ఆలోచనలో పడింది. వదిన అడిగిన మాటలోనే అసలు సంగతి ఉంది.

తొలి ఈత ఎందుకు కష్టం?

పెయ్య ఒళ్లు ఇంకా పెరుగుతూ ఉంటుంది. తుంటి ఎముకల నడుమ దారి ఇరుకుగా ఉంటుంది. ఒకసారి ఈనిన ఆవుకు ఆ దారి కొంత వదులవుతుంది. తొలిచూలు పెయ్యకు అలా ఉండదు.

దూడ సైజు తల్లిని బట్టే రాదు. తండ్రిని బట్టి కూడా వస్తుంది. తల్లి చిన్నదై, తండ్రి పెద్ద జాతిదైతే దూడ పెద్దగా పెరుగుతుంది. ఈనే సమయంలో దారిలో చిక్కుకుంటుంది. దూడ చనిపోవచ్చు. పెయ్యకు కూడా ప్రాణం మీదికి రావచ్చు. బతికినా మాయ పడకపోవడం, గర్భసంచికి చీము పట్టడం, మళ్లీ చూలు కట్టకపోవడం వంటి బాధలు వస్తాయి. అప్పు మాత్రం అలాగే మిగులుతుంది.

అందుకే ముదురు ఆవుకు ఆంబోతును ఎంచేటప్పుడు పాలు చూస్తారు. తొలిచూలు పెయ్యకు ఎంచేటప్పుడు ముందు సుఖమైన ఈత చూడాలి. తరువాతే పాలు.

ముందు పెయ్య బరువు చూడాలి

ఎదకు వచ్చిందంటే దాటించే వేళ వచ్చిందని కాదు. పెద్ద ఆవు బరువులో పదింట ఆరు వంతులు పెయ్యకు రావాలి. జెర్సీ సంకర పెయ్యకు సుమారు 240 నుంచి 250 కిలోలు ఉండాలి. ముర్రా పడ్డకు సుమారు 300 కిలోలు ఉండాలి. వయసు కంటే బరువే ముఖ్యం.

ఇంట్లో కాటా లేకపోయినా బరువు తెలుసుకోవచ్చు. దర్జీ టేపు ఉంటే చాలు. పెయ్యను సమంగా నిలబెట్టాలి. ముందు కాళ్ల వెనుక, ఛాతీ చుట్టూ కొలవాలి. తరువాత భుజం మొన నుంచి పిర్ర ఎముక చివరి దాకా పొడవు కొలవాలి. రెండూ అంగుళాల్లో రాసుకోవాలి. చుట్టుకొలతను మళ్లీ చుట్టుకొలతతోనే గుణించాలి. దాన్ని పొడవుతో గుణించాలి. వచ్చినదాన్ని 660తో భాగించాలి. ఇంచుమించు బరువు కిలోల్లో వస్తుంది.

వదిన టేపు తెచ్చింది. చుట్టుకొలత 54, పొడవు 46 అంగుళాలు వచ్చాయి. 54ను 54తో గుణిస్తే 2,916. దాన్ని 46తో గుణిస్తే 1,34,136. 660తో భాగిస్తే 203 కిలోలు.

"ఇంకా నలభై కిలోలు తక్కువ ఉంది. ఆగుదాం" అంది వదిన.

"ఆగితే కిస్తీ ఎవరు కడతరు?" మరదలి భయం మరదలిది.

"నాలుగు నెలలు కిస్తీకి ఇబ్బంది పడదాం. పెయ్యే పోతే కిస్తీ మొత్తం మన నెత్తి మీదనే పడతది."

ఏ జాతికి ఏ జాతి?

నాటు ఆవు పెయ్య చిన్నది. దానికి జెర్సీ సరిపోతుంది. జెర్సీ చిన్న జాతి. దూడ కూడా చిన్నగా పుడుతుంది. పాలలో వెన్న ఎక్కువ. హోల్‌స్టీన్ పెద్ద జాతి. నలుపు తెలుపు మచ్చలు ఉంటాయి. పాలు ఎక్కువ ఇస్తుంది, వెన్న తక్కువ. దాని దూడ పుట్టుకలోనే పెద్దది. చిన్న నాటు పెయ్యకు తొలి చూలుకు హోల్‌స్టీన్ వేయించకూడదు.

ఒంగోలు, దేవణి వంటి మేలు జాతి పెయ్య ఉంటే అదే జాతి ఆంబోతు వీర్యం వేయించాలి. దేవణి జాతి జహీరాబాదు, బీదరు వైపు కనిపిస్తుంది. ఆ జాతులు ఎండను తట్టుకుంటాయి. కలగాపులగం చేస్తే జాతి పోతుంది.

సంకర పెయ్య సంగతి వేరు. దాన్ని అణాల లెక్కన చూస్తే తెలుస్తుంది. రూపాయికి పదహారు అణాలు. నాటు ఆవుకు జెర్సీ వేస్తే పుట్టిన దూడలో ఎనిమిది అణాలు జెర్సీ. ఆ దూడ పెద్దదయ్యాక మళ్లీ అసలు జెర్సీ వేస్తే పుట్టేదానిలో పన్నెండు అణాలు జెర్సీ. విదేశీ పాలు పెరిగే కొద్దీ ఎండకు ఓర్వలేదు. జబ్బులు ఎక్కువ. మేత, నీడ, మందు అన్నీ ఎక్కువ కావాలి. చిన్న ఇంటికి ఎనిమిది తొమ్మిది అణాల పశువు చాలు. అందుకే ఎనిమిది అణాల పెయ్యకు ఎనిమిది అణాల సంకర ఆంబోతు వీర్యం వేయించడం మేలు.

బర్రె పడ్డకు ముర్రా ఆంబోతు మంచిది. దీపావళి తరువాత హైదరాబాదులో యాదవులు సదర్ పండుగ చేస్తారు. హర్యానా నుంచి తెచ్చిన భారీ ముర్రా దున్నలను అలంకరించి ఊరేగిస్తారు. చూడటానికి కన్నుల పండుగ. కానీ ఊరేగింపులో చూసే కన్ను వేరు, పడ్డకు ఎంచే కన్ను వేరు. అక్కడ ఒళ్లు చూస్తారు. ఇక్కడ ఆ దున్న తల్లి ఎన్ని పాలిచ్చింది, దాని వల్ల చూలు కట్టిన పడ్డలు సుఖంగా ఈనాయా అని చూడాలి.

గల్లీ ఆంబోతా, దవాఖానా సూదా?

నాలుగైదు పశువులున్న ఇంటికి సొంత ఆంబోతు బరువు. మేత పెట్టాలి. కాపాడాలి. రెండేళ్లకు దాని బిడ్డలే ఎదకు వస్తాయి. తండ్రితో బిడ్డను దాటిస్తే బలహీనమైన దూడలు పుడతాయి. గల్లీ ఆంబోతు అందరి పశువులతో కలుస్తుంది. ఈసుకుపోయే జబ్బులు ఒకదాని నుంచి ఒకదానికి అంటించవచ్చు. అందులో బ్రూసెల్లా జబ్బు మనుషులకు కూడా అంటుతుంది. అందుకే ఆడదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల లోపు ఒకసారి బ్రూసెల్లా టీకా వేయించాలి.

దీనికి మారు కృత్రిమ గర్భధారణ. జనం దీన్ని సూది అంటారు. మన దేశంలో ఇది మొదట 1939లో మైసూరులో జరిగింది. ఆరోగ్యమైన ఆంబోతు వీర్యాన్ని సన్నని గొట్టాల్లో నింపుతారు. మైనస్ 196 డిగ్రీల చల్లదనంలో ద్రవ నత్రజనిలో దాస్తారు. కరీంనగర్‌లో ఇలా వీర్యం తయారుచేసే కేంద్రం ఉంది. వేసే ముందు గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచుతారు. 2019 సెప్టెంబరులో దేశమంతటా ఇంటి వద్దే ఉచితంగా ఈ సూదులు వేసే కార్యక్రమం మొదలైంది. మీ చోట ఎలా ఉందో దగ్గరి పశువుల దవాఖానాలో అడగాలి.

ఆడదూడలే ఎక్కువ పుట్టే వీర్యం కూడా వచ్చింది. పదింట తొమ్మిది దాకా ఆడదూడలు పుడతాయి. ఆడదూడ మగదూడ కంటే కొంచెం చిన్నది. కనుక తొలి ఈతకు అదీ ఒక మేలు. కానీ మామూలు వీర్యం కంటే చూలు కట్టడం కొంచెం తక్కువ. ఖర్చు, లాభం డాక్టరుతో మాట్లాడి చూసుకోవాలి.

గొట్టం మీద ఏముంది?

ప్రతి గొట్టం మీద ఆంబోతు నంబరు రాసి ఉంటుంది. జాతి గుర్తు, తయారైన కేంద్రం, తేదీ కూడా ఉంటాయి. సూది వేసే ఆయన వచ్చినప్పుడు ఇలా అడగాలి.

"అన్నా, ఇది ఏ జాతి? నంబరెంత? ఇదే నంబరు పోయినేడు మా ఆవుకు వేసినవా?"

అంకెలు చదవడం వస్తే చాలు. గొట్టం చూసి నంబరు నోటు పుస్తకంలో రాసుకోవచ్చు. ఈ పెయ్య తండ్రి నంబరే మళ్లీ వస్తే వద్దని చెప్పవచ్చు. చదువు అక్కరకు వచ్చేది ఇలాంటి చోటే.

ఎదను గుర్తుపట్టడం

ఆవు, బర్రె సుమారు 21 రోజులకు ఒకసారి ఎదకు వస్తాయి. పొద్దున ఎద కనిపిస్తే ఆ సాయంత్రం సూది వేయించాలి. సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వేయించాలి. బర్రెల్లో ఎద గుర్తులు తక్కువ. వేసవిలో ఇంకా తక్కువ. పొద్దున, మాపున, రాత్రి పడుకునే ముందు ఒకసారి చూడాలి.

వదినా మరదళ్లు పెయ్యకు గడ్డితో పాటు తవుడు, చెక్క, ఖనిజ లవణ మిశ్రమం పెట్టారు. మరీ కొవ్వు పట్టేలా పెట్టలేదు. కొవ్వు పడితే దారి ఇంకా ఇరుకవుతుంది. 21 రోజులకు ఒకసారి పుస్తకంలో గుర్తు పెట్టారు. ఏప్రిల్ 8, ఏప్రిల్ 29, మే 20. జూన్ 10న మళ్లీ కొలిచారు. చుట్టుకొలత 58, పొడవు 48. లెక్క వేస్తే 245 కిలోలు వచ్చింది. 84 రోజుల్లో 42 కిలోలు పెరిగింది. అంటే రోజుకు అర కిలో.

ఆ సాయంత్రం సంకర జెర్సీ సూది వేయించారు. మరదలే గొట్టం మీది నంబరు రాసుకుంది. రెండు మూడు నెలలకు డాక్టరు చూసి చూలు నిలిచిందన్నాడు. ఆవు చూలు సుమారు 280 రోజులు. బర్రె చూలు సుమారు 310 రోజులు. లెక్క వేస్తే మార్చి 17కు అటూ ఇటూ ఈనాలి. చివరి రెండు నెలలు దాణా పెంచారు.

ఈనే నాడు

నీటి బుడగ కనిపించాక రెండు గంటల్లో దూడ కాళ్లు, ముక్కు కనిపించాలి. కనిపించకపోతే డాక్టరును పిలవాలి. నలుగురు మగవాళ్లు తాడు కట్టి గుంజకూడదు. దవాఖానా నంబరు ముందే గోడ మీద రాసి పెట్టుకోవాలి. సంచార పశువైద్యానికి చాలా చోట్ల 1962 నంబరు ఉంది. పుట్టిన గంటలోపు దూడకు జున్నుపాలు తాగించాలి. మాయ 12 గంటల్లో పడకపోతే డాక్టరుకు చెప్పాలి. చేత్తో లాగకూడదు.

వాళ్ల పెయ్య రాత్రి ఈనింది. గంటన్నరలో దూడ బయటికి వచ్చింది. చిన్న దూడ. కాసేపటికే లేచి పొదుగు వెతుక్కుంది. మరదలు దీపం పట్టుకొని నిలబడింది.

"చిన్నదే పుట్టింది వదినా" అంది.

"తల్లీ ఉంది, దూడా ఉంది. అదే పెద్దది" అంది వదిన.

గుర్తుంచుకోండి

బరువు వచ్చాకే పెయ్యను దాటించాలి.
తొలి ఈతకు చిన్న దూడ పుట్టే జాతిని ఎంచాలి.
చిన్న నాటు పెయ్యకు హోల్‌స్టీన్ వద్దు.
ఆంబోతు నంబరు, తేదీ పుస్తకంలో రాయాలి.
తండ్రి నంబరు బిడ్డకు వేయించకూడదు.

ఆలోచించండి

1. మీ ఇంట్లో పెయ్య ఉందా? టేపుతో కొలిచి బరువు కట్టండి.
2. పెయ్య తండ్రి ఏ జాతి? మీకు తెలుసా?
3. అక్టోబరు 1న సూది వేయిస్తే ఆవు ఎప్పుడు ఈనుతుంది? లెక్క వేయండి.