సముద్రం దాటే ఖుర్బానీ మాంసం

హజ్‌కు వెళ్లివచ్చిన హాజీలను మనం ఎన్నో సంగతులు అడుగుతాం. అరఫాత్‌లో ఎండ ఎలా ఉంది, జమ్‌జమ్ ఎంత తెచ్చారు, మదీనాలో ఎన్ని రోజులున్నారు అని అడుగుతాం. కాని "మీ ఖుర్బానీ మాంసం ఎవరు తిన్నారు?" అని అడిగేవారు అరుదు. అడిగినా చాలామంది హాజీల వద్ద జవాబు ఉండదు. కూపన్ కొన్నాం, ఖుర్బానీ అయిపోయింది, తల క్షౌరం చేయించుకున్నాం అంటారు. వారి పేరిట జిబహ్ అయిన గొర్రె మాంసం ఆ తర్వాత సముద్రాలు దాటి, వారు ఎన్నడూ చూడని ఏ పేదవాడి ఇంటికో చేరి ఉండవచ్చు. ఆ ప్రయాణం ఎలా సాగుతుందో తెలుసుకోవలసిన అవసరం మనకుంది.

మూడు రోజుల నియమం

ఖుర్బానీ మాంసాన్ని నిల్వ చేయడం గురించిన ప్రశ్న ఈనాటిది కాదు. ఒక ఏడు ఎడారి పల్లెల నుంచి బీదవారు మదీనాకు తరలివచ్చారు. అప్పుడు మూడు రోజులకు మించి మాంసం దాచుకోవద్దని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఆ తర్వాత ఆ ఇబ్బంది తీరగానే దాచుకోవడానికి అనుమతించారు. హదీసు గ్రంథాలలో ఉన్న ఈ వృత్తాంతం మనకు ఒక సూత్రాన్ని నేర్పుతుంది. నిల్వ చేయడం తప్పు కాదు. పేదవాడి వాటాను ఆపి నిల్వ చేయడమే తప్పు.

జిల్‌హజ్ 11, 12, 13 తేదీలను తష్రీఖ్ దినాలంటాం. మాంసాన్ని సన్నగా కోసి ఎండబెట్టడాన్ని బట్టి ఆ పేరు వచ్చిందని పండితులు చెబుతారు. ఆనాడు మాంసం చెడిపోకుండా కాపాడింది ఎడారి ఎండే. మన ఇళ్లలో కూడా బక్రీద్ మరునాడు దండేల మీద మాంసం ఆరవేసి, ఒట్టి తునకలు చేసి డబ్బాల్లో దాచే అలవాటు ఇప్పటికీ ఉంది.

హాజీలు వేలల్లో ఉన్నంతకాలం ఎండ సరిపోయింది. విమానాలు వచ్చి వారి సంఖ్య లక్షలకు చేరాక సరిపోలేదు. మూడు నాలుగు రోజుల వ్యవధిలో లక్షల పశువులు జిబహ్ అవుతాయి. అంత మాంసం తినేవారు అక్కడ ఉండరు. ఆ వేడిలో అది కొన్ని గంటలకే చెడిపోతుంది. దాంతో ఎంతో మాంసాన్ని గోతుల్లో పూడ్చవలసి వచ్చేది. ఒకవైపు ఆకలితో అలమటించే దేశాలు, మరోవైపు మట్టిపాలయ్యే ఖుర్బానీ మాంసం. దివ్య ఖుర్ఆన్‌లోని హజ్ సూరా, అడిగే పేదవానికీ అడగలేని పేదవానికీ ఆ మాంసం పెట్టమని బోధిస్తుంది. మాంసం గోతిలో పడితే ఆ బాధ్యత తీరేదెలా?

దారి చూపిన ఓడ

మాంసాన్ని గడ్డకట్టించి సముద్రం దాటించవచ్చని లోకానికి గట్టిగా రుజువైంది 1882లో. ఆ ఏడు ఫిబ్రవరిలో డునెడిన్ అనే తెరచాపల ఓడ న్యూజిలాండ్ నుంచి దాదాపు 5,000 గొర్రె, గొర్రెపిల్లల కళేబరాలతో లండన్‌కు బయలుదేరింది. బొగ్గుతో నడిచే శీతల యంత్రాన్ని అందులో అమర్చారు. ఉష్ణమండలం దాటుతుండగా చల్లగాలి అన్ని మూలలకూ సమంగా అందడం లేదని కెప్టెన్ గమనించాడు. గాలి దారులు వెడల్పు చేయడానికి తానే లోపలికి పాకి, చలికి బిగుసుకుపోయి దాదాపు ప్రాణం మీదకు తెచ్చుకున్నాడు. 98 రోజుల తర్వాత లండన్‌లో సరుకు దించితే చెడిపోయినట్లు తేలింది ఒకే ఒక్క కళేబరం!

ఆ తర్వాత సరిగ్గా నూటొక్క ఏళ్లకు, 1983లో, సౌదీ ప్రభుత్వం హజ్ ఖుర్బానీ మాంసం వృథా కాకుండా ఒక పథకం ప్రారంభించింది. దాని నిర్వహణను ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకుకు అప్పగించింది. అదాహీ కూపన్ అని మన హాజీలు చెప్పేది దీని గురించే. మినా దగ్గర మొయైసిమ్‌లో పెద్ద కబేళాలు కట్టారు. పశువైద్యులు పరీక్షించిన పశువును హాజీ పేరిట జిబహ్ చేసి, శుభ్రపరచి, గడ్డకట్టిస్తారు. మొదట మక్కాలోని పేదలకు పంచుతారు. మిగిలింది బంగ్లాదేశ్, జిబూతీ, జోర్డాన్, లెబనాన్ వంటి దేశాలకు పంపుతారు.

చలి పెట్టెలో ప్రయాణం

భీమవరం, కాకినాడ వైపు రొయ్యల ఫ్యాక్టరీల నుంచి విశాఖ రేవుకు పోయే తెల్లటి పెద్ద పెట్టెలను మనం రోడ్ల మీద చూస్తూనే ఉంటాం. ఒక కొసన యంత్రం బిగించి ఉంటుంది. వాటిని రీఫర్ కంటైనర్లంటారు. గడ్డకట్టిన మాంసం సముద్రం దాటేదీ ఇలాంటి పెట్టెల్లోనే. లోపల మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా తక్కువ ఉండాలి.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. రీఫర్ కంటైనర్ మాంసాన్ని గడ్డకట్టించదు. గడ్డకట్టిన మాంసాన్ని అలాగే కాపాడుతుంది, అంతే. అందుచేత అసలు పని ఒడ్డు మీదే పూర్తి కావాలి. అప్పుడే కోసిన గొర్రె ఒంట్లో 38, 39 డిగ్రీల వేడి ఉంటుంది. ఆ వేడిని త్వరగా లాగివేయాలి. నెమ్మదిగా గడ్డకడితే మాంసంలోని నీరు పెద్ద పెద్ద మంచు పలుకులై కండను చీలుస్తుంది. కరిగినప్పుడు రసమంతా కారిపోతుంది. సగం గడ్డకట్టిన సరుకును పెట్టెలో పెడితే నడిమధ్య వేడి అలాగే ఉండిపోతుంది. పెట్టెలో చల్లగాలి నేల కాలువల గుండా వచ్చి పైకి తిరుగుతుంది. కాబట్టి లోపలి గీత దాటి సరుకు నింపకూడదు. డునెడిన్ కెప్టెన్ నేర్చుకున్న పాఠమూ ఇదే. చల్లదనం ఉంటే చాలదు, అది అంతటా తిరగాలి.

జిద్దా నుంచి చిట్టగాంగ్ చేరాలంటే ఎర్ర సముద్రం, అరేబియా సముద్రం, బంగాళాఖాతం దాటాలి. కొన్నిసార్లు కొలంబో వంటి రేవులో ఓడ మారాలి. ఓడలోనూ, రేవులోనూ, లారీ మీదా పెట్టెకు కరెంటు అందాలి. గోడలు మందమైనవి కనుక ప్లగ్గు తీసిన కొద్ది గంటలు చలి నిలుస్తుంది. రోజులు గడిస్తే నిలవదు. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో ఓడలపై దాడులు మొదలైనప్పుడు ఎన్నో ఓడలు ఆఫ్రికా ఖండాన్ని చుట్టి వెళ్లవలసి వచ్చింది. చెడిపోయే సరుకుకు దారిలో పెరిగే ప్రతి రోజూ పరీక్షే.

చలికి సూక్ష్మక్రిములు చావవు, నిద్రపోతాయి. మాంసం కరిగితే మేల్కొంటాయి. మళ్లీ గడ్డకట్టిస్తే పైకి బాగానే కనబడుతుంది, జరిగిన చెడు లోపలే దాగి ఉంటుంది. అందుకే దారి పొడవునా లోపలి ఉష్ణోగ్రతను పెట్టెలోని యంత్రం నమోదు చేస్తుంది. దింపుకునే రేవులో అధికారులు ఆ లెక్క చూడవచ్చు.

చివరి అడుగు

ఇంత దూరం వచ్చిన మాంసానికి చివరి కొద్ది మైళ్లే కష్టం. పల్లెలో శీతల గిడ్డంగి ఉండదు. పెట్టె తెరిచిన వెంటనే పంచాలి, అందినవారు వెంటనే వండుకోవాలి. ఆ చివరి ఘట్టంలో పంచేవారి నిజాయితీ కూడా తోడుండాలి. యంత్రాలు మాంసాన్ని కాపాడగలవు గాని అమానత్‌ను కాపాడవలసింది మనుషులే.

మీ ఇంట్లో ఎవరైనా హజ్‌కు వెళుతుంటే కూపన్‌ను హజ్ కమిటీ ద్వారా గాని, అక్కడి అధికారిక కేంద్రాల్లో గాని మాత్రమే కొనమని చెప్పండి. దారిలో చవకగా చేయిస్తామని వచ్చే దళారుల చేతిలో డబ్బు పెడితే పశువు కోశారో లేదో, మాంసం ఎవరికి చేరిందో తెలియదు.

ఇంట్లో బక్రీద్ చేసుకునే వారికీ ఇవే సూత్రాలు. ముందు బంధువుల వాటా, పేదల వాటా పంచండి. మిగిలిన దాన్ని ఒకే ముద్దగా కాక చిన్న చిన్న పొట్లాలుగా పలుచగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. వేడి మాంసంతో ఫ్రీజర్‌ను కుక్కి నింపవద్దు. కరెంటు పోయి పూర్తిగా కరిగి వెచ్చబడిన మాంసాన్ని మళ్లీ గడ్డకట్టించవద్దు.

అల్లాహ్‌కు చేరేది మాంసమూ రక్తమూ కాదు, మన దైవభీతి అని మనకు తెలుసు. మాంసం చేరవలసింది ఆకలిగొన్నవారికి. అది వారికి శుభ్రంగా, చెడకుండా చేరేలా చూడడం కూడా దైవభీతిలో భాగమే.