గొట్టానికి ఇసుక కాపలా

క్లాసులో చెరువు కట్ట అడ్డకోత గీసి, తూము గొట్టం చుట్టూ కాంక్రీటు కాలర్లు వేస్తున్నాను. వెనక బెంచీ అమ్మాయి లేచి, "సార్, కాలరుకీ గొట్టానికీ మధ్య మూలలో మట్టిని దిమ్మిస ఎలా కొడతారు?" అంది. చాక్‌పీసు అక్కడే ఆగిపోయింది. ఇంజనీర్లు దశాబ్దాల పాటు సరిగా పట్టించుకోని ప్రశ్న అది.

కాలర్ల వెనక ఉన్నది బ్లై అనే ఇంజనీరు ఆలోచన. మన నదుల ఆనకట్టలు చూసి ఆయన తేల్చిందేమిటంటే, నీరు ఎంత దూరం నేలను రాసుకుంటూ పోతే దాని బలం అంత తగ్గుతుందని. అందుకే అమెరికాలో చిన్న చెరువులకు కాలర్లతో ఆ దారిని కనీసం 15 శాతం పెంచేవారు.

కానీ గొట్టం దగ్గర కథ వేరు. కొత్త కట్ట కుంగుతుంది, బిగువైన గొట్టం కుంగదు. మట్టి దాని మీద వేలాడి పక్కన సన్నటి చీలిక విడుతుంది. గుండ్రటి అడుగు కిందికి దిమ్మిస దెబ్బ ఎలాగూ అందదు. కాలరు పెడితే అలాంటి మూలలు ఇంకా పెరుగుతాయి, రోలరు దగ్గరికి రాలేదు. చీలికలో దూరిన నీరు పరుగెడుతుంది. బయటి కొసన ఒక రేణువు ఊడుతుంది, తర్వాత దాని వెనకది. అలా తొలుచుకుంటూ బుంగ చెరువు దాకా వెళ్తుంది.

దీనికి మందు ఇసుక అని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు. కట్ట దిగువ భాగంలో గొట్టాన్ని నాలుగు వైపులా చుట్టుతూ శుభ్రమైన ఇసుక పొర వేసి, అందులోకి చేరిన నీరు బయటికి పోయే దారి కూడా పెడతారు. ఇసుక నీటిని పోనిస్తుంది, మట్టిని పట్టుకుంటుంది. కిటుకు రేణువుల సైజులో ఉంది. ఇంజనీరు టెర్జాగీ సూత్రం చూడండి: ఇసుకలో 15 శాతం ఏ సైజు కంటే సన్నగా ఉంటుందో, ఆ సైజు, మట్టిలో 85 శాతం ఏ సైజు కంటే సన్నగా ఉంటుందో దానికి నాలుగైదు రెట్లు దాటకూడదు. అప్పుడు మట్టిలోని ముతక రేణువులు ఇసుక సందుల్లో ఇరుక్కుంటాయి, వాటి మధ్య సన్నవి ఇరుక్కుంటాయి. జల్లెడ తనను తానే బిగించుకుంటుంది. పైగా ఇసుకకు జిగట లేదు. చీలిక వస్తే నోరు తెరుచుకుని నిలబడలేదు, కూలి పూడిపోతుంది. బంకమన్ను కలిసిన ఇసుక అందుకే పనికిరాదు.

1980లలో ఇంజనీరు జేమ్స్ షెరార్డ్, ఆయన సహచరులు నెబ్రాస్కాలోని లింకన్ ప్రయోగశాలలో దీన్ని పరీక్షించారు. మట్టి బిళ్లలో 1 మిల్లీమీటరు బెజ్జం పెట్టి, కింద ఇసుక ఉంచి, బలమైన ఒత్తిడితో నీరు పంపారు. తగిన ఇసుక ఉన్నచోట కొట్టుకొచ్చిన మట్టి దాని ముఖాన మెత్తుకుని బెజ్జాన్ని మూసేసింది. ఆ దశకంలోనే అమెరికా సంస్థలు కాలర్లు వదిలి ఇసుక వైపు మళ్లాయి.

తర్వాతి వారం ఆ అమ్మాయి బృందం పాత అక్వేరియంలో చవుడు మట్టితో కట్ట పోసింది, పీవీసీ పైపు వెంట సూదితో కావాలనే బెజ్జం పెట్టింది. ఇసుక లేని కట్ట పైపు వెంటే తెగింది. మళ్లీ పోసి ఇసుక చుట్టారు. ముందు కాస్త బురద, తర్వాత తేటనీరు, ఆ తర్వాత చుక్కలు.