మా వాడు ఆటలు తయారు చేసే చదువు చదువుతానంటున్నాడు

గత సంవత్సరం ఏప్రిల్ నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోయారు. హుజూరాబాద్‌కు దగ్గరి పల్లె నుండి వచ్చే ఒక రైతు సోదరుడు మాత్రం మందిరం మెట్ల మీద కూర్చునే ఉన్నాడు. పక్కన ఇంటర్ పరీక్షలు రాసి వచ్చిన కొడుకు. తండ్రి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో పట్టాదారు పాసుపుస్తకం.

"అయ్యగారూ, ఫోన్ల ఆటలు ఉంటయి గద, అవి తయారు జేసే సదువు సదువుతడట మా పోరడు. పట్నంల కాలేజీ ఉన్నదట. ఫీజు లక్షలల్ల ఉన్నది. వారం దినాలల్ల మొదటి కిస్తు కట్టకపోతె సీటు పోతదని రోజూ ఫోను జేస్తున్నరు. ఇరవై గుంటలు కుదువ పెడదామనుకుంటున్న. మీరేమంటరు?" అన్నాడు.

ఉన్నమాట చెప్పాలంటే, వద్దని చెప్పి ప్రార్థన చేసి పంపించేద్దామనే మొదట అనుకున్నాను. మన ఇళ్ళలో ఫోను ఆటల వల్ల జరుగుతున్న నష్టం కళ్ళారా చూస్తున్నవాణ్ణి. అయితే ఆ కుర్రవాడి ముఖం చూసినప్పుడు నా చిన్నతనం గుర్తుకు వచ్చింది. నేను ఆరో తరగతిలో ఉండగా బస్టాండు దగ్గర ఒక దుకాణంలో టీవీకి తగిలించిన వీడియో గేము ఉండేది. టోపీ పెట్టుకున్న మీసాల బొమ్మ ఎగురుతూ దూకుతూ పోయేది. కానుక సంచిలో వేయమని మా అమ్మ ఇచ్చిన రూపాయి రెండు ఆదివారాలు ఆ దుకాణంలోకే పోయింది. మూడో ఆదివారం దొరికిపోయాను, ఆ దెబ్బలు ఇంకా మరిచిపోలేదు. కాని ఒక్క విషయం, ఆ బొమ్మను ఎవరో మనిషి కూర్చుని తయారు చేసి ఉంటాడని ఆ వయసులో నాకు తోచనే లేదు. ఈ కుర్రవాడికి తోచింది.

"బాబూ, నువ్వు చేసిన ఆట ఏదైనా ఉంటే చూపించు" అన్నాను. తల వంచుకున్నాడు. ఆడినవి చాలా ఉన్నాయి, చేసినది ఒక్కటీ లేదు.

తల్లిదండ్రులారా, ఈ చదువు గురించి మనం ముందుగా తెలుసుకోవలసింది ఇక్కడే ఉంది. సినిమాలు చూసేవాడికీ సినిమా తీసేవాడికీ ఎంత దూరమో, ఆట ఆడేవాడికీ ఆట తయారు చేసేవాడికీ అంత దూరం.

మన ఊళ్ళలో రచ్చబండ మీద గీసి ఉండే పులి-మేక ఆట మీకు తెలుసు. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలు పదే అయితే పులుల పని సులువైపోతుంది. ఇరవై అయితే పులులు కదలలేవు. పదిహేను దగ్గర ఆగితేనే ఇరువైపులా బుర్రకు పని ఉంటుంది. ఆ లెక్కకు ఎవరు వచ్చారో, ఎన్నిసార్లు ఆడి చూసి సరిచేశారో గాని, నేటి కాలేజీలలో గేమ్ డిజైన్ అని చెబుతున్నది సరిగ్గా ఆ పనినే. వైకుంఠపాళి కూడా అటువంటిదే. నిచ్చెన ఎక్కడ పెట్టాలి, పాము ఎక్కడ పెట్టాలి అని ఎవరో ఆలోచించి గీశారు.

డిజైన్ అయిన తరువాత డెవలప్‌మెంట్, అంటే కట్టుబడి. తెర మీద బొమ్మ కదులుతున్నట్టు కనిపిస్తుంది గాని నిజానికి కదలదు. కంప్యూటరు సెకనుకు ముప్పయి సార్లో అరవై సార్లో కొత్త బొమ్మ గీస్తుంది. గీసే ప్రతిసారీ మూడు పనులు చేస్తుంది. ఆడేవాడు ఏ మీట నొక్కాడో చూస్తుంది, దాని ప్రకారం ఎవరు ఎక్కడ ఉండాలో లెక్క కడుతుంది, మళ్ళీ గీస్తుంది. ఆ లెక్కలన్నీ మన పిల్లలు ఇంటర్‌లో బట్టీ పట్టి మరిచిపోయే లెక్కలే. విసిరిన రాయి ఏ వంపులో పడుతుందో చెప్పే ప్రక్షేపక చలనం, సదిశలు, త్రికోణమితి. వాటికి తోడు సి ప్లస్ ప్లస్, సి షార్ప్ వంటి కంప్యూటరు భాషలు. బొమ్మలు గీసేవారు వేరు, వాటికి నడక నేర్పేవారు వేరు, శబ్దాలు కూర్చేవారు వేరు. తయారైన ఆటను వందలసార్లు ఆడి తప్పులు రాసిపెట్టేవారు మరొకరు. ఈ ఆఖరి పని పేరు టెస్టింగ్. ఆడుకుంటూ జీతం తీసుకోవచ్చని పిల్లలు దీని మీద ఆశ పడతారు గాని, ఒకే గోడను నూటయాభైసార్లు గుద్ది చూడడంలో ఆట ఏముంటుంది?

ఈ విద్య మనకు అందనిది మాత్రం కాదు. పొరుగున ఉన్న వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు గారు అరవై ఏళ్ళు దాటిన తరువాత కంప్యూటరు భాషలు నేర్చుకుని స్వయంగా ప్రోగ్రాములు రాసేవారు. హైదరాబాదులో పెరిగిన సత్య నాదెళ్ళ గారు నడిపే మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో ఆక్టివిజన్ బ్లిజార్డ్ అనే గేముల కంపెనీని సుమారు 6,900 కోట్ల డాలర్లకు కొన్నది. ఛోటా భీమ్ బొమ్మ మన పిల్లలందరికీ తెలుసు. 2008 నుండి టీవీలో వస్తున్న ఆ బొమ్మను తయారు చేసే గ్రీన్ గోల్డ్ సంస్థ ఉన్నది హైదరాబాదులోనే. హిట్‌వికెట్ అనే క్రికెట్ గేము కూడా హైదరాబాదులో తయారైనదే. 2020లో కేంద్ర ప్రభుత్వం జరిపిన ఆత్మనిర్భర్ భారత్ యాప్‌ల పోటీలో దానికి బహుమతి వచ్చింది.

ఇక ఎక్కడ చదవాలి? అమెరికాలో దీనికి ఒక దారి ఉన్నది. అక్కడి కమ్యూనిటీ కాలేజీలు ఇంచుమించు మన పాలిటెక్నిక్‌ల వంటివి. రెండేళ్ళ చదువు, తక్కువ ఫీజు, ఉద్యోగం చేసుకునేవారికి సాయంత్రం తరగతులు. రెండేళ్ళ తరువాత కావాలంటే విశ్వవిద్యాలయంలో చేరి డిగ్రీ పూర్తి చేసుకోవచ్చు. నార్త్ కరోలినా రాష్ట్రంలో రాలీ పట్టణపు వేక్ టెక్ కమ్యూనిటీ కాలేజీ ఈ గేముల తయారీనే రెండేళ్ళ కోర్సుగా చెబుతుంది. పక్కనే ఉన్న కేరీ పట్టణంలో ఎపిక్ గేమ్స్ అనే పెద్ద కంపెనీ ఉన్నది. మన తెలుగు కుటుంబాలు అనేకం ఆ కేరీలోనే కాపురం ఉంటున్నాయి. చుట్టుపక్కల ఏ పని ఉన్నదో ఆ పని నేర్పడం కమ్యూనిటీ కాలేజీ పద్ధతి. మన దేశంలోనూ 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఈ పేరుతో కాలేజీ పెట్టింది, తరువాత మద్రాసులో క్రైస్తవ పెద్దలు పేద పిల్లల కొరకు దానిని ముందుకు తీసుకుపోయారు.

మన దగ్గర మాత్రం దారి కొంచెం చుట్టు తిరిగి పోతుంది. హైదరాబాదులో 2010లో మొదలైన బ్యాక్‌స్టేజ్ పాస్ వంటి సంస్థలు గేముల తయారీనే ప్రత్యేకంగా నేర్పుతున్నాయి. బొమ్మలు గీసే చెయ్యి ఉన్నవారికి మాసాబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్‌తో కూడిన బి.ఎఫ్.ఏ. చదువు ఉన్నది. దానికి ఫాడీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. లెక్కల వైపు మొగ్గు ఉన్నవారు పదో తరగతి తరువాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో కంప్యూటరు డిప్లమా చదివి, ఈసెట్ ద్వారా ఇంజనీరింగు రెండో సంవత్సరంలో చేరవచ్చు. మూడింటిలో ఖర్చు తక్కువైన దారి ఇదే. నేను ఏ కాలేజీకీ ప్రచారకుణ్ణి కాను. ఒక్కటి మాత్రం చెబుతాను. వారం రోజుల్లో డబ్బు కట్టకపోతే సీటు పోతుందని తొందరపెట్టేవారి దగ్గర తొందరపడకండి. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని లెక్క చూసుకుంటాడని మనకు నేర్పబడింది గదా.

లెక్క చూసుకోవలసిన సంగతులు ఇంకా ఉన్నాయి. ఈ పరిశ్రమలో ఉద్యోగాలు వచ్చినంత వేగంగా పోతాయి కూడా. 2024 జనవరి ఒక్క నెలలోనే మైక్రోసాఫ్ట్ తన గేముల విభాగంలో 1,900 మందిని తీసివేసింది, యూనిటీ అనే కంపెనీ సుమారు 1,800 మందిని తగ్గించుకుంటానని ప్రకటించింది. ఇప్పుడు కృత్రిమ మేధ కూడా బొమ్మలు గీస్తున్నది. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రోగాల పట్టికలో చేర్చింది. డబ్బు పెట్టి ఆడించే ఆటలైతే మన రాష్ట్రంలో 2017 నుండే నిషేధం, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. రమ్మీ యాప్‌లో పోయిన పత్తి డబ్బు గురించి నా దగ్గర ఏడ్చిన తల్లులు ఉన్నారు. కాబట్టి ఈ చదువు చదివే బిడ్డ ఏ రకం ఆటలు తయారు చేసే చోట పనికి కుదురుతాడన్నది కూడా తండ్రి అడగవలసిన ప్రశ్నే.

మళ్ళీ ఆ ఆదివారానికి వస్తాను. "పాసుపుస్తకం ఇంటికి తీసుకపోండి. జూన్ దాకా ఆగుదాం. ఈలోగా బాబు ఒక్క ఆట, ఎంత చిన్నదైనా సరే, మొదటి నుండి చివరిదాకా తయారు చేసి చూపించాలి. అప్పుడు మాట్లాడుదాం" అన్నాను. కుర్రవాడికి కోపం వచ్చింది. సీటు పోతే బాధ్యత నాదేనన్నట్టు చూశాడు.

పనిముట్లకు డబ్బు అవసరం లేదు. గోడో అనే సాఫ్ట్‌వేరు ఆటలు కట్టడానికి, బ్లెండర్ అనేది బొమ్మలు మలచడానికి. రెండూ పూర్తిగా ఉచితం, ఎవరైనా దింపుకోవచ్చు. మేనమామ కొడుకు వాడి పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్ ఒకటి దొరికింది.

ఏం ఆట చేయాలో వాడికి రెండు వారాలు తెలియలేదు. మొదట కార్లు, తుపాకులు అన్నాడు. అవి వందలమంది కలిసి ఏళ్ళ తరబడి చేసే పనులని పది రోజుల్లో వాడికే తెలిసింది. చివరకు మక్కచేనులో మంచె మీద నిలబడి వడిసెలతో చిలుకలను తోలే ఆట మొదలుపెట్టాడు. చిన్నప్పుడు తాతతో కలిసి నిజంగా చేసిన పని అది.

వడిసెల రాయి మూడు రోజులు నిట్టనిలువుగా ఆకాశంలోకి పోయి తిరిగి రాలేదు. రాయి పైకి పోయే వేగంలో నుండి భూమి ఆకర్షణను తీసివేయడం మరిచిపోయాడు. అటక మీది ఫిజిక్స్ పుస్తకం మళ్ళీ కిందికి దిగింది. రాయి సరిగా పడిన నాడు చిలుకలు మరీ వేగంగా వచ్చి ఒక్క నిమిషంలో చేను ఖాళీ చేశాయి. చెల్లెలు రెండుసార్లు ఆడి లేచిపోయింది. వేగం తగ్గిస్తే, "నిద్ర వస్తుంది" అని మళ్ళీ లేచిపోయింది. ఆ పిల్ల లేవకుండా పది నిమిషాలు కూర్చోబెట్టడానికి వాడికి పన్నెండు రోజులు పట్టింది. మూడు పులులు, పదిహేను మేకలు అని నేను చెప్పిన మాట ఆ పన్నెండు రోజుల్లో అర్థమైందని తరువాత చెప్పాడు.

జూన్ మొదటి వారంలో ఇద్దరూ వచ్చారు. ఆట నేనూ ఆడాను. నా చేను ఒక్కసారీ మిగలలేదు. కాని నన్ను ఆకట్టుకున్నది రాయి కాదు, చిలుకలు. రెక్క ముడిచి కంకి మీద వాలే తీరు, మెడ తిప్పి చూసే తీరు నిజం చిలుకే. "ఇవి ఎవరు గీశారు?" అన్నాను. వాడే. ప్రోగ్రాము రాయడం విసుగు పుట్టించిందట, చిలుకను గీస్తుంటే మాత్రం రాత్రి ఎంతైందో తెలియలేదట. లక్షల ఫీజు చెప్పిన ఆ కాలేజీలో వీడు చేరబోయింది ప్రోగ్రాములు రాసే కోర్సులో.

పాసుపుస్తకం ఇప్పుడు వాళ్ళింట్లో పెట్టె అడుగుననే ఉన్నది. కుర్రవాడు కరీంనగర్‌లో ఒక ఫోటో స్టూడియోలో పనిచేస్తూ, సాయంత్రాలు బొమ్మలు గీస్తూ ఫాడీకి తయారవుతున్నాడు. సీటు వస్తుందో రాదో చెప్పలేను. రాకపోతే డిగ్రీలో చేరతానని తండ్రికి మాట ఇచ్చాడు.

ఆ రోజు తండ్రి కూడా ఆట ఆడాడు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కాసేపు చూసి, నవ్వకుండా అన్నాడు: "గిట్ల రావురా చిలుకలు. ముందుగాల ఒకటి వచ్చి చెట్టు మీద కూసుంటది. చుట్టూ జూసి అది కూత పెడితెనే కడుమయన్ని వస్తయి. అయినా గిప్పుడు చిలుకలెక్కడియి? కోతులు పెట్టలేదేంది? కోతికి ఒక రాయి తాకితె పోదు, ఇటు కొడితె అటు నుంచి వస్తది."

కొడుకు జేబులో నుండి చిన్న నోటుపుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. "ఎన్ని కోతులు వస్తయి బాపూ, ఒక్కపారి?" అని అడిగాడు.