నల్లబారే రస్సులా, దానిని పోలిన విషజాతి: గుర్తింపులో భేదాలు

రస్సులా ప్రజాతి పుట్టగొడుగుల కండలో గుండ్రని కణాలు గుంపులుగా ఉంటాయి. అందువలన అవి నారలుగా చీలక సుద్దముక్క వలె విరుగుతాయి. ఈ లక్షణం ప్రజాతిని తెలుపుతుందే గాని, తినదగినదో కాదో తెలుపదు.

రస్సులా నైగ్రికాన్స్, రస్సులా సబ్‌నైగ్రికాన్స్ జాతులు ఇందుకు నిదర్శనం. రెండూ అడవి చెట్ల వేళ్ళతో సహజీవనం చేస్తాయి. రెండింటికీ మసి రంగు గొడుగు, దాని అడుగున ఎడంగా అమరిన దళసరి రేకులు ఉంటాయి. కోసినపుడు రెండింటి కండ ఎర్రబడుతుంది. ఆ తరువాత మొదటిది నల్లబడుతుంది. రెండవది ఎరుపు వద్దనే ఆగిపోతుంది.

రెండవ జాతిని 1955లో జపాను శాస్త్రవేత్త హోంగో వర్ణించారు. జపాను భాషలో మొదటిది ‘కురోహత్సు’, రెండవది ‘నిసెకురోహత్సు’, అనగా నకిలీ కురోహత్సు. దానిలోని విషపదార్థం సైక్లోప్రొపీన్ కార్బాక్సిలిక్ ఆమ్లమని 2009లో వెల్లడైంది. తిన్నవారిలో తొలుత వాంతులు, విరేచనాలు కలుగుతాయి. పిదప కండరాల కణజాలం విచ్ఛిన్నమై, మూత్రం ముదురు రంగుకు మారి, మూత్రపిండాలు దెబ్బతిని మరణం కూడా సంభవించవచ్చు.

రంగు మార్పు పూర్తి కావటానికి కొంత సమయం పడుతుంది. పైగా నైగ్రికాన్స్‌ను పచ్చిగా తిన్నా జీర్ణకోశ బాధలు కలుగవచ్చు. కావున నల్లబారటాన్ని తినదగిన గుర్తుగా బోధించరాదు. నిపుణులు నిర్ధారించని అడవి రస్సులాలను ఆహారంగా స్వీకరించవద్దనటమే విస్తరణ సిబ్బంది ఇవ్వదగిన సలహా.